మా ఇంటి అంటు

ఈ వ్యాసం రాయమన్నది నా పెండ్లామే.

"లోకం ముచ్చటంత రాస్తవు. మనింట్ల ముచ్చట ఒక్కటన్న రాసినవా పెద్దోని నాయినా?" అన్నది ఒక రాత్రి. ఏం రాయాలె అనడిగాను. "నేను సచ్చినంక రాస్తవు, మస్తు మంచిదుండె అని. బతికుండంగనే రాయి. అబద్ధాలుంటె నేనే కొట్టేపిస్త" అన్నది.

ఆమెకు చదువు రాదు. నేను రాసింది మా బిడ్డ చదివి వినిపించింది. రెండు చోట్ల కొట్టేయించింది. మిగిలింది ఇది.

మేం మాదిగలం. మా ఊరు తూప్రాన్ అవతల. మా నాయిన చెప్పులు కుట్టాడు, డప్పు కొట్టాడు, చచ్చిన గొడ్డును మోశాడు. నేను ఇంటర్ దాకా చదివి ఆగిపోయాను. 1992లో మా పెండ్లి. 1996లో ఇద్దరు పిల్లల్ని ఎత్తుకొని బోయిన్‌పల్లి వచ్చాం. సికింద్రాబాద్ 1806లో ఇంగ్లీషు దండు కోసం పుట్టిన ఊరు. ఆ దండుకు బూట్లు కుట్టినవాళ్ళు, పాయఖానాలు ఎత్తినవాళ్ళు, వంట చేసినవాళ్ళు మనవాళ్ళే. దండు పేరు మారినా మన బస్తీలు మారలేదు. పాత బోయిన్‌పల్లిలో ఇల్లు కిరాయికి అడిగితే మొదటి ప్రశ్న "మీరేమోళ్ళు?" అనే. మూడు ఇండ్లు పోయినంక నాలుగో ఇల్లు దొరికింది. రేకుల గది, బయట అందరికీ ఒకే పంపు.

నాకు సికింద్రాబాద్‌లో ఒక ప్రెస్సులో డీటీపీ పని దొరికింది. ఆమె కూరగాయల మార్కెట్ యార్డులో పనికి కుదిరింది. తెల్లారుజామున మూడు గంటలకు లేచి పోయేది. టమాట ఏరడం, కొత్తిమీర కట్టలు కట్టడం, గంపలు మోయడం. ఆ యార్డుకు అంబేడ్కర్ పేరే పెట్టారు. "నువ్వు మీటింగుల్ల జై భీం అంటవు, నేను రోజూ ఆయన గేట్లకెల్లే పోతున్న" అని నవ్వేది.

నా లోకం వేరు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోర మోగింది. నాకప్పుడు ఇరవై ఐదేండ్లు. అప్పటినుంచి నా కాళ్ళు ఇంట్లో నిలవలేదు. రాత్రి ప్రెస్సు మూసినంక ఓనరుకు తెలియకుండా కరపత్రాలు కంపోజ్ చేసేవాణ్ణి. సభలు, పాదయాత్రలు, ధర్నాలు. వర్గీకరణ 2000లో చట్టమైంది. గెలిచామనుకున్నాం. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు నేను ఏడ్చాను. రెండు నెలలు ఇంటికి సరిగా రాలేదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందే స్నానం చేస్తుంటే ఆమె చేతికి గడ్డ తగిలింది. ఎడమ రొమ్ములో, శెనగ గింజంత. వాళ్ళక్కకు చెప్పింది. నాకు చెప్పలేదు. సంక్రాంతి పోయినంక ఎప్పుడో చెప్పింది. ముందెందుకు చెప్పలేదని కోపం చేశాను. "నువ్వు ఇంట్ల ఉంటె కద చెప్పేది" అన్నది. అప్పటికి అది నిమ్మకాయంత అయింది.

దగ్గర్లోని ఒక చిన్న నర్సింగ్ హోంకు తీసుకుపోయాను. కొవ్వు గడ్డ అన్నారు. కోసి తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపాలని మాకు తెలియదు, వాళ్ళు పంపలేదు. రెండు నెలలకు చంకలో ఇంకో గడ్డ లేచింది. అప్పుడు ఎవరో చెబితే రెడ్ హిల్స్ పోయాం. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955 నుంచి ఉన్న సర్కారు క్యాన్సర్ దవాఖాన. ఎంఎన్‌జే అంటారు. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ చెట్ల కింద సంచులు పరుచుకొని కూచున్నారు. ఒక్కొక్కరి మొహం చూస్తే మన వాడల్లో మనుషులే. అక్కడ సూది వేసి పరీక్ష చేసి అసలు పేరు చెప్పారు.

రొమ్ము తీసేశారు. తర్వాత ఆరు కీమోలు. ఎర్ర మందు ఎక్కిస్తే ఒంటేలు కూడా ఎర్రగా వచ్చేది. రెండో కీమోకు జుట్టంతా ఊడింది. ఆ తర్వాత ఇరవై ఐదు రోజులు కరెంటు పెట్టించాం. అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు. అది 2007లో మొదలై, రాష్ట్రమంతా వచ్చేసరికి 2008 అయింది. సర్కారు దవాఖానైనా బయట కొనే మందులుంటాయి, పరీక్షలుంటాయి, రోజూ బస్సు కిరాయిలుంటాయి, ఆమె కూలి పోతుంది. ఆమె కాళ్ళ కడియాలు కుదువకు పోయి మళ్ళీ రాలేదు. నూటికి మూడు రూపాయల మిత్తికి అరవై వేలు తెచ్చాను. తీర్చేసరికి ఆరేండ్లు పట్టింది.

గుండు మీద కొంగు కప్పుకొని పంపు దగ్గరికి పోతే ఇంటి ఓనరమ్మ అన్నది: "ఆ రోగం అంటుకుంటదేమో, మీ బిందె చివరికి పెట్టుకోండి." అందరూ పట్టుకున్నంక మా బిందె. ఆమె ఇంటికొచ్చి మెల్లగా చెప్పింది: "ఊర్ల బాయి కాడ మా అమ్మ ఇట్లనే నిలబడేది. వాళ్ళు పోస్తె పట్టుకునేది. నేను పట్నమొచ్చినంక గూడ గట్లనే నిలబడ్డ."

నేను ఓనరుతో కొట్లాడాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదని, పట్టుకుంటే రాదని, కలిసి తింటే రాదని గల్లీలో నిలబడి ఉపన్యాసమిచ్చాను. నెల తిరగ్గానే ఇల్లు ఖాళీ చేయించారు. దాని మీద ఒక కరపత్రం కూడా రాశాను. మంచి కరపత్రమని అందరూ అన్నారు.

ఇక ఇప్పుడు ఆమె రాయమన్న సంగతి.

పట్టుకుంటే రాదని లోకానికి చెప్పిన నేను నా పెండ్లాన్ని పట్టుకోలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు. ఎనిమిదేండ్లు.

ఆపరేషన్ అయినప్పుడు బయటి పనులన్నీ నేనే చేశాను. కాగితాలు, సంతకాలు, రక్తం, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు. భార్య కోసం ఎంత తిరుగుతున్నాడో అని నలుగురూ మెచ్చుకున్నారు. కట్టు మార్చింది మాత్రం వాళ్ళక్క. కట్టు విప్పుతుంటే నేను బయటికి పోయి బీడీ తాగేవాణ్ణి. మొదట పుండు పచ్చిగా ఉందనుకున్నాను. తర్వాత కీమోతో ఒంట్లో శక్తి లేదనుకున్నాను. తర్వాత పనులున్నాయనుకున్నాను. పిల్లలు మా మధ్య పడుకునేవాళ్ళు. పిల్లలు పెద్దయి అవతలికి జరిగినా ఆ జాగా అట్లాగే మిగిలిపోయింది. ఆమె జాకెట్టులో ఒక పక్క పాత చీర ముక్క మడిచి పెట్టుకునేది. అది నాకు తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె కూడా అడగలేదు.

చంకలో గడ్డలు తీసేసినవాళ్ళల్లో కొందరికి ఆ పక్క చేయి వాస్తుంది. ఆమెకూ వాచింది. వేళ్ళ నుంచి భుజం దిక్కు మెల్లగా పైకి రాయాలని దవాఖానలో చూపించారు. ఎక్కువ బరువు మోయొద్దన్నారు. మార్కెట్ పని చేసేటామెకు బరువు మోయొద్దంటే తినొద్దన్నట్టే. టామాక్సిఫెన్ గోలీ మింగుకుంటూ, వాచిన చేత్తోనే మళ్ళీ మార్కెట్‌కు పోయింది.

2009 జనవరి 3. సావిత్రిబాయి ఫూలే జయంతి. బస్తీలో సభ పెట్టి నేనే మాట్లాడాను. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు మహర్ వాడలో పడి ఉన్న పిల్లవాణ్ణి ఆమె వీపున వేసుకొని దవాఖానకు మోసుకుపోయిందని, ఆ ప్లేగే అంటుకొని మార్చి 10న చనిపోయిందని చెప్పాను. చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. చప్పట్లు కొట్టారు. రాత్రి ఇంటికొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకొని కూచుంది. ఆ రోజు ఉల్లిగడ్డ లోడు వచ్చిందట, చేయి మొద్దులా వాచింది. "కొద్దిగ నూనె రాస్తవా?" అన్నది. ఆ ఎనిమిదేండ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

"బిడ్డను పిలువు" అన్నాను.

పదిహేనేండ్ల పిల్ల నిద్ర లేచి వచ్చి తల్లి చేయికి నూనె రాసింది. నేను గోడ మీది సావిత్రిబాయి ఫొటో కింద పడుకొని నిద్రపోయాను. నిద్ర బాగానే పట్టింది. అది కూడా రాయమన్నది, రాస్తున్నాను.

ఎందుకట్లా చేశాను? అసహ్యమా? భయమా? ఇప్పటికీ నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. ఊర్లో ఒక దొర కొడుకు నీళ్ళు ఎత్తిపోసేటప్పుడు వాడి మొహం ఎట్లుంటదో నాకు తెలుసు. దాన్ని అద్దంలో చూస్తానని అనుకోలేదు. అంటరానితనమంటే ఊరివాళ్ళు మన మీద చేసేదనే నేర్చుకున్నాను, నేర్పాను. మన చేతులతో కూడా అది జరుగుతుందని ఏ తరగతిలోనూ చెప్పుకోలేదు.

2013లో నడుం నొప్పి మొదలైంది. గంపలు మోసి మోసి నడుం పోయిందనుకున్నాం. జండూబాం, నొప్పి గోలీలు. ఆరు నెలలు అట్లనే లాగింది. ఒక రోజు మార్కెట్లో కూచున్నది లేవలేకపోయింది. స్కానింగ్‌లో వెన్నుపూసకు పాకిందని తేలింది. ఎనిమిదేండ్లయింది కదా సార్, నయమైంది కదా అన్నాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. ఆమెది ఒంట్లోని హార్మోన్ మీద బతికే రకమట. అది పదేండ్లకైనా, ఇరవై ఏండ్లకైనా నిద్ర లేవొచ్చట. ఎముకల్లోకి వచ్చినంక పూర్తిగా పోదు, కానీ ఏండ్ల తరబడి అణిచి పెట్టొచ్చు అన్నాడు. "బీపీ, షుగర్ లాగా దానితో కలిసి బతకాలి" అన్నాడు. ఆమె వెంటనే అన్నది: "అలవాటే సారూ, శానా వాటితోటి కలిసే బతుకుతున్నం."

ఈసారి తెల్ల కార్డు మీద ఆరోగ్యశ్రీ ఉంది. వెన్నుకు పది రోజులు కరెంటు పెట్టారు. గోలీ మార్చి లెట్రోజోల్ ఇచ్చారు. ఎముకల కోసం నెలకొక సెలైన్. అప్పటికి వాళ్ళక్క లేదు. బిడ్డ నర్సింగ్ చదువుకు వరంగల్ హాస్టల్లో ఉంది. కొడుకు రాత్రి డ్యూటీ. ఇంట్లో నేనొక్కణ్ణే.

మొదటి రోజు నీళ్ళు కాగబెట్టి బకెట్ లోపల పెట్టి, "పోసుకో" అని బయట నిలబడ్డాను. లోపల చప్పుడు లేదు. చాలాసేపటికి "నాతోని అయితలేదు" అన్నది. పోయాను. స్టూలు మీద కూచుంది, వీపు నా దిక్కు. వీపు రుద్దాను. ముందుకు తిరగమనలేక అక్కడే రుద్దుతూ నిలబడ్డాను. ఆమే తిరిగింది.

చంక నుంచి నడిమి దాకా ఒక గీత. కుట్ల గుర్తులు. కరెంటు పెట్టిన కాడ తోలు నల్లబడి గట్టిపడింది. అంతే. ఎనిమిదేండ్లు నేను భయపడ్డది దానికి. మా నాయిన అరచేతుల మీద ఆరె దిగబడిన గీతలు ఇంకా లోతుగా ఉండేవి.

"గిది సూడనీకి ఎనిమిదేండ్లు పట్టెనా?" అన్నది.

సబ్బు పెట్టి ఆ గీత మీద చేయి పెట్టాను. ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. "ఏడిస్తె తర్వాత ఏడువు. నీళ్ళు సల్లారుతున్నయి" అన్నది.

ఆ రోజు నుంచి నేను ఆ పని నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి నలబై నాలుగో ఏడు వచ్చింది. అన్నం వండడం, వాంతి గిన్నె కడగడం, బట్టలు ఉతకడం, చేతికి పైకి రాయడం. ఇందులో గొప్పేమీ లేదు. ఇంటింటా ఆడోళ్ళు రోజూ చేసే పనే. చేసినంక వ్యాసం రాయడం లేదు వాళ్ళు.

మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బుతో కాపురమంటే ఎట్లుంటదో చెబుతాను. మూడు నెలలకొకసారి పరీక్ష. దానికి ముందు వారం ఇద్దరం చిన్న మాటకే కొట్లాడుకుంటాం. బాగుందని చెబితే మూడు నెలల బతుకు చేతికొచ్చినట్టు పెద్దకూర తెచ్చి వండుకుంటాం. ఒక డాక్టరమ్మ "మీవాళ్ళు ఆ మాంసం తింటారు, అందుకే ఇట్లాంటి జబ్బులు" అన్నది. ఎక్కడో చెప్పను. ఇంకో దవాఖానలో ఒక నర్సమ్మ నాకు చెవిలో చెప్పింది: "బరువు తగ్గనీయకు అన్నా, పప్పు, గుడ్డు, మాంసం ఏది దొరికితె అది పెట్టు." బాదంపప్పులు, ఆపిల్ పండ్లు రాసిన కాగితం మాకూ ఇచ్చారు. మా కూలికి దొరికే బలం పెద్దకూర ఒక్కటే.

2019లో కాలేయానికి వచ్చింది. మళ్ళీ కీమో, మళ్ళీ గుండు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. బస్సుల్లేవు. పెద్దోని బండి మీద ఆమెను కూచోబెట్టి, పడిపోకుండా చున్నీతో నా నడుముకు కట్టుకొని తాడ్‌బండ్, ప్యారడైజ్, ట్యాంక్‌బండ్, లక్డీకాపూల్ మీదుగా పోయేవాణ్ణి. ఒక చోట పోలీసు లాఠీ ఎత్తాడు. ఆమె మాట్లాడకుండా నెత్తి మీది కొంగు తీసింది. గుండు చూసి అతను లాఠీ దించాడు. ఖాళీ ట్యాంక్‌బండ్ మీద పోతుంటే వెనకనుంచి అన్నది: "పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లాయె. ఒక్కనాడన్న గిట్ల ట్యాంక్‌బండ్ సూపియ్యకపోతివి."

2021 జనవరిలో మా మార్కెట్ పేరు ప్రధానమంత్రి రేడియోలో చెప్పాడు. పాడైన కూరగాయల నుంచి అక్కడ గ్యాస్, కరెంటు తీస్తున్నారు. పది టన్నుల చెత్తకు ఐదు వందల యూనిట్లు. పక్కింటి పిల్లగాడు వచ్చి చెబితే ఆమె నవ్వింది. "కుళ్ళిన టమాటతోని కరెంటు తీస్తె, నా ఒంట్ల కుళ్ళుతోని ఊరంత బుగ్గలు వెలుగుతయి" అన్నది. ఇరవై ఏండ్లు ఆ టమాటలు ఏరిన మనిషి తప్ప ఇంకెవరూ అనలేని మాట అది.

నొప్పి గురించి కూడా చెప్పాలి. ఎముకల నొప్పి రాత్రి లేస్తుంది. బట్ట నోట్లో కుక్కుకొని ఓర్చుకునేది, నా నిద్ర చెడుతుందని. ఓర్చుకోవడమే మన ఆడోళ్ళ గొప్పతనమని నేను కూడా కవితలు రాశాను. అది గొప్పతనం కాదు, మందు అందకపోవడం. ఎంఎన్‌జేలో నొప్పి తగ్గించే విభాగం ఉంది. అక్కడ మార్ఫిన్ గోలీలు ఇచ్చారు. నొప్పి వచ్చినంక కాదు, గడియారం చూసి నాలుగు గంటలకొకసారి వేయాలన్నారు. నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 మత్తుమందుల చట్టం భయానికి ఆ గోలీ ఏండ్ల తరబడి రోగులకు అందలేదు. 2014లో ఆ చట్టాన్ని సవరించారు. ఇప్పటికీ మన వాడల్లో ఎందరికో అట్లాంటిది ఒకటి ఉందనే తెలియదు. మొదటి గోలీ వేసిన రాత్రి ఆమె ఆరు గంటలు నిద్రపోయింది, గడియారం చూసి నేనే లేపి రెండో గోలీ వేశాను. మీరు ఉద్యమకారులు. మన హక్కుల చిట్టాలో దీన్ని కూడా రాసుకోండి.

2024 ఆగస్టు 1న కొత్త మందు సెలైన్ ఎక్కుతుంటే నా ఫోన్ మోగడం మొదలైంది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ చేసుకోవచ్చన్నారు. ముప్పై ఏండ్ల కొట్లాట. 2004లో కొట్టేసింది 2024లో లేచి నిలబడింది. దండోర మిత్రులు డప్పులు కొడుతున్నారు, రమ్మంటున్నారు. ఆమె సెలైన్ బాటిల్ దిక్కు చూసి, "ఇంక గంట పడ్తది. పోయి రా" అన్నది. పోనన్నాను. "అప్పుడు పోకుండ ఉండాల్సిన నాడు పోయినవు. పోవాల్సిన నాడు పోనంటవు. నీది ఎన్నడన్న సక్కగున్నదా?" అని అక్కడున్నవాళ్ళందరికీ వినబడేటట్టు అన్నది. వార్డులో అందరూ నవ్వారు. నేను పోలేదు. కింద చాయ్ దుకాణంలో పావుకిలో పేడాలు తెచ్చి వార్డులో పంచాను. ఆమె సగం పేడా తిన్నది.

మన ఉద్యమాల్లో మగవాళ్ళు జబ్బు పడితే చందాలెత్తాం, పరామర్శ సభలు పెట్టాం. ఆ ఇండ్లల్లో సేవ చేసినవాళ్ళు భార్యలు. భార్యలు జబ్బు పడితే ఎవరు చేశారు? రమాబాయి ఏండ్లకేండ్లు రోగంతో తీసుకొని 1935 మే 27న పోయింది. ఐదేండ్లకు అంబేడ్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకం ఆమెకు అంకితమిచ్చాడు. ఆయన దేశం పని మోశాడు, ఆమె ఇల్లు మోసింది. ఆయనతో నేను పోల్చుకోవడం లేదు. నాలాంటివాళ్ళం ఆయన మోసిన బరువు మోయకుండానే ఆయన దొరకని తీరిక మాకూ దొరకలేదని చెప్పుకుంటాం.

ఇప్పుడు ఆమె బతికే ఉంది. ఎన్నాళ్ళో తెలియదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీని పది లక్షలకు పెంచారు. అది మాకు పనికొస్తోంది. 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ఫలం మనుమరాలికి అందుతుందని ఆమె లెక్క. తను మాత్రం నెలల లెక్కే పెట్టుకుంటుంది. ఉగాది దాకా, బోనాల దాకా, బతుకమ్మ దాకా.

కొట్టేయించిన రెండు ముక్కలేవో చెబుతాను. ఒక చోట ఆమెను 'వీరవనిత' అని రాశాను. "నేను సచ్చేటందుకు భయపడ్తున్న, వీరవనిత అని రాయకు" అన్నది. ఇంకో చోట, 2013 తర్వాత నేను చేసిన సేవ గురించి రెండు పేరాలు రాశాను. బిడ్డ చదువుతుంటే వినివిని, "గది చానయింది. అంతకుముందు ఎనిమిదేండ్లున్నయి కద, గవి సరిగ రాయి" అన్నది.

రాశాను.